ఆసుపత్రి గేటు బయట ఖర్చు ఎవరిది?

దినపత్రికల జిల్లా పేజీల్లో తరచూ ఒక బాక్సు వార్త కనిపిస్తుంది. ‘దాతలు ఆదుకోవాలి’ అని పైన శీర్షిక. జుట్టు రాలిన తలకు రుమాలు కట్టుకున్న పిల్లాడి ఫొటో, పక్కన తల్లి, అడుగున బ్యాంకు ఖాతా నంబరు, ఫోన్‌పే నంబరు. ఊరు సూర్యాపేట దగ్గరిది కావచ్చు, కోదాడ, మిర్యాలగూడ పక్క పల్లెలు కావచ్చు. వార్త మధ్యలో ఒక మాట మాత్రం తప్పకుండా ఉంటుంది: ఇప్పటికే నాలుగైదు లక్షలు ఖర్చయ్యాయి, ఉన్న అరెకరం అమ్ముకున్నారు, ఇక వల్ల కావడం లేదు. రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా ఆరోగ్యశ్రీ వర్తించే రాష్ట్రం మన తెలంగాణ. క్యాన్సర్ చికిత్స ఆ పథకంలో ఉంది. మరి ఆ నాలుగైదు లక్షలు ఎక్కడ ఖర్చయినట్టు?

పిల్లలకు, యువకులకు క్యాన్సర్ వస్తే ప్రభుత్వం చేయాల్సిన తర్వాతి పని ఏమిటో ఈ ప్రశ్నకు జవాబు వెతికితేనే తేలుతుంది. పథకం డబ్బు ఆసుపత్రికి చేరుతుంది. కుటుంబం డబ్బు దారిలో కరిగిపోతుంది. రోగం పేరు తేలకముందు చేయించిన పరీక్షలకు, బస్సులకు, గది అద్దెకు, హోటల్ భోజనాలకు, పోయిన కూలికి, అన్నిటినీ మించి వడ్డీకి. ఆరోగ్యశ్రీ పరిమితిని రేపు 20 లక్షలు చేసినా ఈ ఖర్చులో ఒక్క రూపాయి తగ్గదు. ఇది ఆసుపత్రి గేటు బయట అయ్యే ఖర్చు.

ఆరోగ్యశ్రీని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆ పథకం మొదలయ్యే నాటికి, కీమోథెరపీ అన్న మాట వినగానే బిడ్డను భుజాన వేసుకుని ఇంటికి తిరిగొచ్చిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. తెలంగాణ 2021లో ఆయుష్మాన్ భారత్‌ను దీనితో కలిపింది. 2023 డిసెంబరు 9న పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. మరుసటి ఏడాది కొత్త చికిత్సలు చేర్చి ప్యాకేజీ ధరలు సవరించింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి నడుస్తున్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలోని నిమ్స్, 2000లో బంజారాహిల్స్‌లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి సూర్యాపేట, నల్గొండ జిల్లాల పేదలకు తెలిసిన పేర్లే. వాటి గేటు లోపల జరిగే వైద్యం విలువ లక్షల్లో ఉంటుంది, దానికి పథకం ఆసరా ఉంది. అయితే ఆ ఆసరా కూడా అన్ని రోజులూ ఒకేలా ఉండదు. 2025 సెప్టెంబరులో బకాయిలు చెల్లించలేదంటూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు కొన్ని రోజులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. మోకాలి ఆపరేషన్ నాలుగు రోజులు వాయిదా పడితే నొప్పి భరించాలి. కీమో వాయిదా పడితే రోగం మళ్ళీ పుంజుకోవడానికి సమయం దొరుకుతుంది. క్యాన్సర్ ప్యాకేజీల చెల్లింపులను మిగతా బకాయిల నుంచి విడదీసి, నెలనెలా తప్పకుండా చెల్లించే ఏర్పాటు చేయాలి. ఈ విషయంలో రెండో మాటకు చోటు లేదు.

ఇక గేటు బయటికి వద్దాం. పిల్లల్లో ఎక్కువగా కనిపించేది రక్త క్యాన్సర్, అందులోనూ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. సంపన్న దేశాల్లో పిల్లల క్యాన్సర్లలో 80 శాతానికి పైగా నయమవుతున్నాయి. ఈ లుకేమియాలో ఫలితాలు ఇంకా మెరుగు. కానీ చికిత్స సుదీర్ఘం. మొదటి నెల దాదాపు ఆసుపత్రిలోనే గడుస్తుంది. ఆ తర్వాత ఆరేడు నెలలు వారానికోసారి, పదిరోజులకోసారి ఇంజెక్షన్లకు వెళ్ళాలి. అక్కడి నుంచి సుమారు రెండేళ్ళు రోజూ మాత్రలు మింగాలి, వారానికోసారి ఇంకో మందు వేసుకోవాలి, రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. మొత్తం రెండున్నర, మూడేళ్ళ కాపలా.

మిర్యాలగూడ రైస్‌మిల్లులో బస్తాలు మోసే తండ్రి, నాట్లకూ పత్తి ఏరడానికీ వెళ్ళే తల్లి ఉన్న ఇంటి లెక్క వేసి చూద్దాం. తండ్రికి రోజుకు 700 రూపాయల చొప్పున నెలకు 20 రోజుల పని దొరుకుతుందనుకుంటే 14 వేలు. మొదటి ఎనిమిది నెలలు బిడ్డ వెంట తిరగడంలోనే పోతే అది లక్షా 12 వేలు. తల్లికి రోజుకు 400 చొప్పున నెలకు 15 రోజులు అనుకుంటే ఇంకో 48 వేలు. అంటే ఒక్క బిల్లు కూడా కట్టకముందే ఆ ఇంటికి లక్షా 60 వేలు రాకుండా పోయాయి. ఇల్లు గడవాలి, ఇంకో బిడ్డ బడికి పోవాలి, హైదరాబాద్‌లో తినాలి, ఎక్కడో పడుకోవాలి. మొదట పుస్తెలతాడు బ్యాంకులో పడుతుంది. తర్వాత చిట్టీ నష్టానికి ఎత్తుతారు. తర్వాత డ్వాక్రా సంఘం అప్పు. అవన్నీ అయిపోయాక ఊళ్ళో తెలిసిన మనిషి దగ్గర మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెస్తారు. నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు, చికిత్స ముగిసే రెండున్నరేళ్ళకు లక్షా 80 వేలు. అసలు రెండు లక్షలూ అలాగే ఉంటుంది. జిల్లా పేజీలో రాసే నాలుగైదు లక్షల లెక్క ఇక్కడే తేలిపోయింది. ఇందులో మందుల ఖర్చు ఒక్క రూపాయి కూడా లేదు.

రోగం పేరు తేలేదాకా అయ్యే ఖర్చు దీనికి తోడు. బిడ్డకు జ్వరం తగ్గడం లేదు, ఒళ్ళు పాలిపోయింది, కాళ్ళ మీద నల్లమచ్చలు. ముందు ఊళ్ళో ఆర్‌ఎంపీ, తర్వాత పట్టణంలో పిల్లల డాక్టరు, తర్వాత పెద్ద ల్యాబు, స్కానింగు, హైదరాబాద్‌లో ఎముక మజ్జ పరీక్ష. పెద్ద పిల్లలకు గడ్డ అయితే బయాప్సీ, పెట్ స్కాన్. పెట్ స్కాన్ ఒక్కటే బయట చాలాచోట్ల 10 వేలకు తక్కువ కాదు. నిబంధనల్లో ఏమున్నా, ఆరోగ్యమిత్ర చేతికి కాగితాలు వెళ్ళి అనుమతి వచ్చేదాకా ఈ డబ్బంతా సాధారణంగా ఇంటివాళ్ళ జేబులోంచే పోతుంది. 2017–18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడతలో, క్యాన్సర్‌తో ఒక్కసారి ఆసుపత్రిలో చేరితే అయ్యే వైద్య ఖర్చు ప్రభుత్వ ఆసుపత్రిలో సగటున 22 వేలకు పైగా, ప్రైవేటులో 93 వేలకు పైగా తేలింది. క్యాన్సర్ రోగి ఆసుపత్రిలో ఒక్కసారి చేరి ఊరుకోడు.

పెద్దల క్యాన్సర్‌కూ చిన్నవాళ్ళ క్యాన్సర్‌కూ డబ్బు విషయంలో ఒక పెద్ద తేడా ఉంది. అరవై ఏళ్ళ మనిషికి జబ్బు చేస్తే ఆదుకోవడానికి సంపాదిస్తున్న కొడుకో కూతురో ఉండవచ్చు. ఆరేళ్ళ బిడ్డకు జబ్బు చేస్తే ఆ తల్లిదండ్రులకు ముప్ఫై ఏళ్ళు కూడా నిండి ఉండవు. వాళ్ళ పేరు మీద పొలం ఉండదు, పొదుపు ఉండదు, బైకు ఫైనాన్సు మాత్రం ఉంటుంది. కొంతకాలం కిందటి దాకా చాలామందికి రేషన్ కార్డు కూడా లేదు. రాష్ట్రంలో కొత్త కార్డుల జారీ ఏళ్ళ తరబడి నిలిచిపోయింది. 2025 జూలై 14న ముఖ్యమంత్రి పంపిణీ మొదలుపెట్టింది సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలోనే. అప్పటిదాకా ఆగిన వాళ్ళలో ఎక్కువమంది కొత్తగా పెళ్ళయి వేరుపడ్డ జంటలు, కార్డులో పేరెక్కని పిల్లలు. ఏ వయసు కుటుంబానికి పథకం అత్యవసరమో ఆ వయసు కుటుంబమే దాని గుమ్మం బయట నిలబడింది. దీనికి కేరళ ఎప్పుడో ఒక దారి చూపింది. 18 ఏళ్ళలోపు పిల్లల క్యాన్సర్ చికిత్స కోసం అక్కడ 2008 నుంచి ‘క్యాన్సర్ సురక్ష’ పేరుతో ప్రత్యేక పథకం నడిచింది. 70 ఏళ్ళు దాటిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024లో ఆయుష్మాన్ భారత్ వర్తింపజేసిన దేశంలో, 18 ఏళ్ళలోపు క్యాన్సర్ పిల్లలకు కార్డు అడగకుండా చికిత్స మొదలుపెట్టడం కష్టమేమీ కాదు. పిల్లల సంఖ్య తక్కువ, నయమయ్యే అవకాశం ఎక్కువ. ప్రభుత్వం పెట్టే రూపాయికి ఇంతకంటే మంచి ఫలితం వచ్చే చోటు వైద్యరంగంలో అరుదు.

దారి ఖర్చు మూడు పట్టణాల్లో మూడు రకాలు. సూర్యాపేట హైదరాబాద్‌కు సుమారు 135 కిలోమీటర్లు, కోదాడ 180 దాకా. రెండూ 65వ నంబరు జాతీయ రహదారి మీదే ఉన్నాయి, రెండింటికీ రైలు లేదు. మిర్యాలగూడకు మాత్రం గుంటూరు–సికింద్రాబాద్ రైలు మార్గం ఉంది. క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో పూర్తి రాయితీ, తోడు వెళ్ళేవారికి 75 శాతం రాయితీ రైల్వే ఇస్తోంది. మంచి సదుపాయమే, కానీ మిర్యాలగూడ పిల్లాడికి అందేది కోదాడ పిల్లాడికి అందదు. బస్సుల సంగతి చూస్తే, 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు. జబ్బు ఆడపిల్లకు వస్తే తల్లీ కూతురూ ఉచితంగా వెళ్ళి రావచ్చు. మగపిల్లాడికి వస్తే వాడికీ వెంట వచ్చే తండ్రికీ ప్రతిసారీ టిక్కెట్టు తీయాలి. తల్లికి తోడుగా తండ్రి వెళ్ళక తప్పని రోజులే ఎక్కువ, రక్తం దాతలను వెతకాలన్నా కాగితాలకు తిరగాలన్నా ఇద్దరు కావాలి. పైగా తెల్లకణాలు పడిపోయిన పిల్లాడిని కిక్కిరిసిన ఎక్స్‌ప్రెస్ బస్సులో నిలబెట్టి తీసుకెళ్ళమని ఏ డాక్టరూ చెప్పరు. చికిత్సలో ఉన్న 39 ఏళ్ళలోపు రోగికీ వెంట వచ్చే ఒకరికీ ఆర్టీసీ సూపర్ లగ్జరీ దాకా సీటు రిజర్వు చేసి ఉచితంగా ఇస్తే సంస్థకు పడే భారం లెక్కలోకి రాదు. ఆ మొత్తాన్ని వైద్యారోగ్య శాఖ చెల్లిస్తే సరిపోతుంది.

అసలు ఈ ప్రయాణాల్లో సగం అవసరమా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. మొదటి ఎనిమిది నెలల చికిత్స పెద్ద ఆసుపత్రిలోనే జరగాలి, సందేహం లేదు. తర్వాతి రెండేళ్ళ సంగతి వేరు. ఆ దశలో రోజూ మింగే మెర్‌క్యాప్టోప్యూరిన్ మాత్ర, వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ పాతకాలపు చవక మందులు. నెలకు సరిపడా మందుల ధర కంటే వాటిని తెచ్చుకోవడానికి ఇద్దరు మనుషులు హైదరాబాద్ వెళ్ళి వచ్చే ఖర్చే ఎక్కువ. మోతాదు పెంచాలా తగ్గించాలా అన్నది రక్తకణాల సంఖ్య చూసి డాక్టరు చెబుతారు. ఆ పరీక్ష సూర్యాపేటలో, నల్గొండలో జరుగుతుంది. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పేరుతో జిల్లాల్లో ఉచిత పరీక్షల వ్యవస్థ ఉంది. ఉదయం ఇచ్చిన రక్తం ఫలితం సాయంత్రానికి ఎంఎన్‌జే డాక్టరు తెర మీద కనబడితే, ఆయన చెప్పిన మోతాదు ప్రకారం మాత్రలు జిల్లా ఆసుపత్రి ఫార్మసీలోనే ఇవ్వవచ్చు. నెలనెలా పోయే కూలి నిలుస్తుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైంది జ్వరం. కీమో తీసుకుంటున్న పిల్లాడికి రాత్రి పదకొండింటికి 101 డిగ్రీల జ్వరం వచ్చిందంటే అది మామూలు జ్వరం కాదు. తెల్లకణాలు పడిపోయి ఉంటే, ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడాలని ప్రపంచమంతా పాటించే నియమం. కోదాడ నుంచి ఎంఎన్‌జేకు కారులో వెళ్ళినా మూడు గంటలు. అందుకే పక్కనున్న ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు పరిగెడతారు. అక్కడ ‘క్యాన్సర్ పేషెంటా, మా వల్ల కాదు, హైదరాబాద్ తీసుకుపోండి’ అంటారు. లేదంటే అడ్వాన్సు కట్టమంటారు. అప్పటికప్పుడు కారు కిరాయి, తెల్లవారుజామున అప్పు కోసం ఫోన్లు. ఒక్క రాత్రిలో నెల సంపాదన కరిగిపోతుంది. క్యాన్సర్‌తో కాకుండా ఇన్ఫెక్షన్‌తో చనిపోయే పిల్లల కథల్లో ఈ రాత్రి తప్పకుండా ఉంటుంది. సూర్యాపేటలో, నల్గొండలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. వాటి బోధనాసుపత్రుల్లో పిల్లల విభాగాలున్నాయి, పీజీ డాక్టర్లున్నారు. ఈ జ్వరాన్ని మొదటి గంటలో ఎలా చూడాలో వాళ్ళకు నేర్పడానికి నెల శిక్షణ చాలు. కావలసిన మందులు ఖరీదైనవి కావు. నాలుగు విడి పడకలు, చికిత్సలో ఉన్న ప్రతి బిడ్డ చేతిలో ‘నేను కీమోలో ఉన్నాను, జ్వరం వస్తే ఆపకుండా లోపలికి తీసుకోండి’ అని రాసిన కార్డు, ఎంఎన్‌జేలో రాత్రంతా ఫోను ఎత్తే ఒక డాక్టరు. ఈ మూడూ ఉంటే నర్సింగ్ హోమ్ బిల్లూ కారు కిరాయీ రెండూ తప్పుతాయి.

జిల్లా ఆసుపత్రుల్లో మూడేళ్ళలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని కేంద్రం 2025–26 బడ్జెట్‌లో ప్రకటించింది. ఆ ఒక్క ఏడాదే 200 కేంద్రాలన్నారు. తెలంగాణ కూడా ఆ దారిలోనే నడుస్తోంది. మంచిదే. కానీ వాటిని పెద్దల కీమోకు మాత్రమే అనుకుంటే పిల్లలు మళ్ళీ హైదరాబాద్ బస్సే ఎక్కాలి. పిల్లల మోతాదులు వేరు, సూదులు వేరు, నర్సుకు కావలసిన ఓపిక వేరు. సూర్యాపేట, నల్గొండ కేంద్రాల్లో వారానికి ఒక రోజు పిల్లలకే కేటాయించి, ఆ రోజు హైదరాబాద్ నుంచి పిల్లల క్యాన్సర్ నిపుణులు వచ్చి చూసే ఏర్పాటు ఉండాలి. చికిత్సను ప్రజల దగ్గరికి తీసుకెళ్ళడం సాధ్యమేనని అస్సాం చూపించింది. అక్కడి ప్రభుత్వం, టాటా ట్రస్టులు కలిసి జిల్లాల్లో క్యాన్సర్ ఆసుపత్రుల గొలుసు కట్టాయి, 2022 ఏప్రిల్‌లో ఒకేరోజు ఏడు ప్రారంభమయ్యాయి. మనకు అంత దూరం కూడా పోనక్కర్లేదు. కంటి వైద్యంలో ఎల్‌వీ ప్రసాద్ సంస్థ పల్లెలో దృష్టి కేంద్రం, పట్టణంలో చిన్న ఆసుపత్రి, నగరంలో పెద్ద ఆసుపత్రి అన్న వరుసను ఈ రాష్ట్రంలోనే కట్టి చూపించింది.

కోదాడ వాళ్ళకు ఇంకో సమస్య. విజయవాడ నూరు కిలోమీటర్లలోపే, హైదరాబాద్ దూరంలో సగం. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ఆ ఊరి జనం పెళ్ళి బట్టలకూ పెద్ద వైద్యానికీ అటు వెళ్ళడం తరతరాల అలవాటు. పథకం కార్డు మాత్రం రాష్ట్రం పేరుతో ఉంటుంది. క్యాన్సర్ వరకైనా సరిహద్దు మండలాల వారికి ఏ పక్క ఆసుపత్రి దగ్గరైతే ఆ పక్క చికిత్స అందేలా రెండు ప్రభుత్వాలు ఒక ఒప్పందానికి రావాలి. ఆంధ్ర వైపున్న జగ్గయ్యపేట వాళ్ళకు ఖమ్మం కూడా దగ్గరే కాబట్టి దాని వల్ల ఆంధ్రకూ లాభమే.

ఇప్పుడు అసలు కష్టమైన చోటుకు వద్దాం: పోయిన కూలి. మన చట్టంలో దీనికి ఒక సూత్రం ఇప్పటికే ఉంది. మేళ్ళచెరువు, మట్టపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో ఈఎస్ఐ ఉన్న యువ కార్మికుడికి క్యాన్సర్ వస్తే, అర్హత షరతులకు లోబడి రెండేళ్ళ దాకా జీతంలో 80 శాతం చొప్పున అతనికి అందుతుంది. దీర్ఘవ్యాధుల జాబితాలో క్యాన్సర్‌ను చేర్చి ఈఎస్ఐ ఈ ఏర్పాటు చేసింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని తన పిల్లల సంరక్షణకు సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు వాడుకోవచ్చు. జబ్బు చేసినప్పుడు సంపాదన ఆగకూడదన్న న్యాయం సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర, సచివాలయం మెట్ల దగ్గర ఒప్పుకున్నదే. హమాలీ దగ్గరికి, కౌలు రైతు దగ్గరికి, ఆటో డ్రైవరు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

డబ్బు పంపే మార్గం కూడా కొత్తగా వేయనక్కర్లేదు. క్షయ రోగి చికిత్సలో ఉన్నంతకాలం పోషకాహారం కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు నేరుగా ఖాతాలో పడుతున్నాయి, 2024 నవంబరు నుంచి ఆ మొత్తం వెయ్యి అయింది. ప్రతి రోగి పేరుతో నిక్షయ్ అనే జాబితా ఉంది. ఎయిడ్స్, బోదకాలు, డయాలసిస్ రోగులకు తెలంగాణ నెలకు 2,016 రూపాయల పింఛను ఇస్తోంది. కేరళ క్యాన్సర్ రోగులకు పింఛను ఇస్తోంది. రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు కొద్దిరోజుల్లోనే అందేలా 2018 ఆగస్టు నుంచి రైతు బీమా నడుస్తోంది. చావు ఇంటికి ఇంత వేగంగా వెళ్ళగలిగిన ప్రభుత్వం, బతికించుకోవాలని పోరాడుతున్న ఇంటికి ఎందుకు వెళ్ళలేదు? చికిత్సలో ఉన్న ప్రతి బిడ్డ, ప్రతి యువ రోగి కుటుంబానికి చురుకైన కీమో నడిచే నెలల్లో నెలకు 8 వేలు, మాత్రల దశలో 3 వేలు ఇవ్వాలని నా ప్రతిపాదన. ముందు చెప్పిన మిర్యాలగూడ ఇంటికి అది పోయిన కూలి మొత్తం భర్తీ చేయదు, కానీ మూడు రూపాయల వడ్డీకి వెళ్ళే అవసరాన్ని తప్పిస్తుంది. ముఖ్యమంత్రి సహాయనిధి ఉంది కదా అనవచ్చు. అది చాలావరకు బిల్లు కట్టాక, ఎమ్మెల్యే కార్యాలయంలో దరఖాస్తు పెట్టాక వచ్చే చెక్కు. అప్పటికి అప్పు పుట్టేసి ఉంటుంది.

ఇలా డబ్బూ వసతీ చూసుకుంటే ప్రాణాలు నిలుస్తాయా అన్న సందేహానికి ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి జవాబు చెప్పింది. 2009 ప్రాంతంలో అక్కడికి వచ్చిన పిల్లల్లో దాదాపు 20 శాతం మంది చికిత్స వద్దనో, మధ్యలో ఆపేసో వెళ్ళిపోయేవారు. పిల్లల విభాగం మందులతో పాటు బస, తిండి, ప్రయాణం, చదువు, కుటుంబానికి కౌన్సెలింగ్ అన్నిటినీ ఒక చోటికి తెచ్చాక కొన్నేళ్ళలోనే అది 5 శాతం దరిదాపులకు పడిపోయింది. వైద్యం పూర్తిగా ఉచితమైన బ్రిటన్‌లో కూడా, క్యాన్సర్ పిల్లల, యువకుల కుటుంబాలకు నెలకు సుమారు 700 పౌండ్ల అదనపు ఖర్చు అవుతోందని ‘యంగ్ లైవ్స్ వర్సెస్ క్యాన్సర్’ అనే సంస్థ లెక్క తేల్చింది. ప్రయాణాల కోసం ప్రత్యేక నిధి పెట్టమని అక్కడి ప్రభుత్వాన్ని అడిగింది. గేటు బయటి ఖర్చు పేద దేశపు సమస్య మాత్రమే కాదు.

మందుల ధరల మీద కొంత పని జరిగింది. 2019లో 42 క్యాన్సర్ మందుల మీద వ్యాపారుల లాభాన్ని 30 శాతానికి కట్టడి చేశారు. 2025 సెప్టెంబరులో కొన్ని ప్రాణరక్షక మందుల మీద జీఎస్టీ ఎత్తేశారు. అయితే ఇంకా పెద్ద ఆదా టోకుగా కొనడంలో ఉంది. నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ఆసుపత్రులు కొన్ని కలిసి 40 మందులకు ఒకేసారి బేరం చేస్తే, మందును బట్టి 23 నుంచి 99 శాతం దాకా ధర తగ్గింది, మొత్తం ఆదా 1,300 కోట్ల రూపాయలు దాటింది. రాష్ట్రం జిల్లా కేంద్రాలకు కొనే కీమో మందులు కూడా ఆ ధరకే రావాలి.

పద్దెనిమిది నుంచి ముప్ఫై తొమ్మిది మధ్య వయసు వాళ్ళ గురించి మనం ఇంకా సరిగ్గా ఆలోచించడం మొదలుపెట్టలేదు. డిగ్రీ చదివే కుర్రాడికి హాడ్జ్‌కిన్ లింఫోమా వచ్చిందనుకోండి. చాలావరకు నయమయ్యే జబ్బు. ఆరు నెలల కీమోతో హాజరు 75 శాతం కంటే పడిపోతుంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోతుంది, కాలేజీ సర్టిఫికెట్లు ఇవ్వదు. ప్రాణం దక్కి చదువు పోతుంది. క్యాన్సర్ చికిత్స కాలానికి హాజరు మినహాయింపు ఇస్తూ ఒక ఉత్తర్వు చాలు, ఖజానాకు పైసా ఖర్చు లేదు. కీమో వల్ల పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినవచ్చు. ముందే వీర్యం భద్రపరచుకునే వీలుంది. ఆ సంగతి యువకుడికి చెప్పేవారు తక్కువ, చెప్పినా ఆ ఖర్చు సొంతంగా పెట్టుకోవాల్సిందే. ఇక ఆడపిల్ల అయితే, పెళ్ళి సంబంధాలు రావన్న భయంతో జబ్బు సంగతే బయట పెట్టరు. బాక్సు వార్తకు ఫొటో ఇవ్వరు, వాట్సాప్ గ్రూపులో అడగరు. పొలం మాత్రం గుట్టుగా అమ్ముతారు. చందాల మీద ఆధారపడే వ్యవస్థ అడగలేని వాళ్ళను వదిలేస్తుంది, ఫొటో చూసి జాలి పుట్టిన వాళ్ళకే ఎక్కువ ఇస్తుంది. నెలనెలా ఖాతాలో పడే హక్కు డబ్బు కావాలని అడిగేది ఇందుకే.

అలాగని ఈ మూడు పట్టణాల దాతృత్వాన్ని చిన్నబుచ్చలేం. పదో తరగతి బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క సాయంత్రంలో యాభై వేలు పోగవుతాయి. మిర్యాలగూడ మిల్లర్లకు, సూర్యాపేట, కోదాడ వ్యాపారులకు, అమెరికాలో ఉన్న ఈ ప్రాంతపు ఇంజినీర్లకు ఇచ్చే మనసుంది. తానా వంటి సంఘాలు ఊళ్ళలో క్యాన్సర్ పరీక్షా శిబిరాలు నడిపాయి. అయితే పిల్లల క్యాన్సర్ శిబిరాల్లో దొరకదు. దానికి కావలసింది హైదరాబాద్‌లో ఒక గది. సెయింట్ జ్యూడ్ సంస్థ 2006లో ముంబైలో మొదలుపెట్టి హైదరాబాద్‌లోనూ నడుపుతున్న కేంద్రాల్లో, చికిత్సకు వచ్చిన బిడ్డా తల్లిదండ్రులూ ఉచితంగా ఉండవచ్చు, వండుకోవచ్చు. ఉన్న గదులు వచ్చేవారికి చాలవు. ఎంఎన్‌జేకు నడిచివెళ్ళే దూరంలో ఇరవై గదులు, శుభ్రమైన వంటగది, మరిగించిన నీళ్ళు, బిడ్డలకు ఒక చదువుకునే గది. మూడు పట్టణాల దాతలు కలిస్తే అలాంటి ఇల్లు ఏడాదిలో లేస్తుంది. విడివిడిగా ఇచ్చే చందా ఒక ఇంటి ఒక నెల కష్టం తీరుస్తుంది, ఈ గదులు ఏళ్ళ తరబడి వందల ఇళ్ళకు అద్దె తప్పిస్తాయి.

చికిత్స మధ్యలో ఆగిపోయిన పిల్లలను వెతకడం అన్నిటికంటే ముందు జరగాలి. ఏ బిడ్డకు ఏ తేదీన ఏ కీమోకు అనుమతి ఇచ్చారో ఆరోగ్యశ్రీ ట్రస్టు కంప్యూటర్లలో ఉంది. తర్వాతి విడత తేదీ దాటి పదిహేను రోజులైనా రానివారి పేర్లు ప్రతి సోమవారం సూర్యాపేట, నల్గొండ జిల్లా వైద్యాధికారులకు అందాలి. ఆశా కార్యకర్త ఆ ఇంటికి వెళ్ళి ఎందుకు రాలేదో కనుక్కోవాలి. బస్సు ఛార్జీ లేకనా, జ్వరం వల్లనా, ఎవరో పసరు మందు ఇస్తామన్నారనా, అప్పు దొరకకనా. ఛార్జీ లేకపోతే ఆ రోజే కలెక్టరు విచక్షణ నిధి నుంచి ఇవ్వాలి, జ్వరమైతే జిల్లా ఆసుపత్రికి పంపాలి. ఈ పనికి కొత్త పథకం, కొత్త భవనం అక్కర్లేదు, వచ్చే బడ్జెట్ దాకా ఆగాల్సిన పని కూడా లేదు. ఇద్దరు కలెక్టర్లు, ఒక ట్రస్టు అధికారి కూర్చుంటే ఈ నెలలోనే మొదలవుతుంది.